రంపం మిషన్ పిస్టన్ మీద గీతలు పడ్డాయి, బోరు కిట్ మార్చాల్సిందేనా?

సరుగుడుతోట:
మాది చీరాల దగ్గర, సముద్రం వైపు ఊరు. సరుగుడు కొట్టడానికి 58 సీసీ చైన్ సా వాడుతున్నాం, చైనా రకం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుకే అందుకుంటుంది. బాగా పని చేశాక ఆపితే మాత్రం వేడి మీద మళ్ళీ స్టార్ట్ కాదు, అరగంట ఆగాల్సిందే. కర్రలో దించితే మునుపటి ఊపు లేదు. రేస్ వదిలాక కూడా వెంటనే తగ్గదు, కాసేపు అరుస్తూనే ఉంటుంది.

ప్లగ్ తీస్తే పింగాణీ తెల్లగా ఉంది, దాని మీద వెండి రంగు చుక్కలు సన్నగా అంటుకుని ఉన్నాయి. సైలెన్సర్ విప్పి టార్చి వేస్తే పిస్టన్ మీద నిలువు గీతలు. ఒక షాపాయన బోరు కిట్, అంటే సిలిండర్, పిస్టన్, రింగుల సెట్టు, వేసేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన ప్లగ్ మార్చి కార్బురేటర్ కడిగితే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? 2టీ ఆయిల్ డబ్బా మీద ఉన్నట్టే లీటరుకి 20 ఎంఎల్ కలుపుతున్నాం.

పాతచేతక్‌మెకానిక్:
ఇద్దరి మాటా వినొద్దు బాబూ, ఇప్పుడే వద్దు. ఆ వెండి చుక్కలు మీ పిస్టన్ అల్యూమినియమే. కరిగి ప్లగ్ దాకా వచ్చింది. కాబట్టి కడిగితే పోయే జబ్బు కాదు. అలాగని కారణం పట్టుకోకుండా కొత్త కిట్ వేస్తే అదీ ఇలాగే గీసుకుపోతుంది, డబ్బులు దండగ.

ప్లగ్ రంగును మరీ నమ్మకండి. కాసేపు ఐడ్లింగ్‌లో తిరిగితే మంచి ఇంజన్ ప్లగ్ కూడా నల్లబడుతుంది. దుంగ కోస్తూ కోస్తూ ఫుల్ రేస్ మీదే ఆపి, అప్పుడు తీసి చూస్తేనే దానికి విలువ. లేత గోధుమ రంగు బాగున్నట్టు. తెలుపంటే పెట్రోలు చాలడం లేదు, లోపల వేడెక్కిపోతోంది.

అసలు సంగతి చెప్పేది పిస్టనే. గీతలు ఏ వైపు ఉన్నాయన్నదే ముఖ్యం. ప్లగ్ తీసేసి, తాడు మెల్లగా లాగుతూ సైలెన్సర్ రంధ్రంలోంచి చూడండి. తర్వాత కార్బురేటర్, దాని వెనక రబ్బరు బూటు విప్పి అటు నుంచీ చూడండి.

సైలెన్సర్ వైపు మాత్రమే గీతలుంటే వేడి దెబ్బ. అటు వైపు ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది; కార్బురేటర్ వైపు వచ్చే చల్లటి మిక్సింగ్ తగిలి కాస్త బతుకుతుంది. చుట్టూతా గీతలుంటే ఆయిల్ లేని పెట్రోలు ఎవరో పోశారనుకోవచ్చు. అదే కార్బురేటర్ వైపు పిస్టన్ మెరుపు పోయి, బూడిద రంగులో నున్నగా అరిగి ఉంటే దుమ్ము తింటోంది, ఫిల్టరు చిరిగిందో సరిగా కూర్చోలేదో చూసుకోవాలి. మీది ఇసుక నేల కాబట్టి ఇది తప్పకుండా చూడండి. కొత్త పిస్టన్ మీద లేత్ తిప్పిన సన్నటి అడ్డగీతలు ఉంటాయి. అవి కనబడుతున్న చోట అరగనట్టే. భయపడాల్సింది నిలువు గీతలకి.

మీరు రాసినవాటిలో నాకు అనుమానం తెప్పించింది ‘రేస్ వదిలినా అరుస్తోంది’ అన్న మాట. ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోంది. రబ్బరు బూటు పగులు, వదులైన బోల్టులు, క్రాంక్ ఆయిల్ సీళ్ళు, ఈ వరసలో వెతకండి. సైలెన్సర్ రంధ్రం, కార్బురేటర్ వైపు రెండూ సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా మూసి, ప్లగ్ రంధ్రంలోంచి 7 పీఎస్‌ఐ గాలి పెట్టి సబ్బు నీళ్ళు రాయండి. అంతకు మించి ఎక్కించొద్దు, సీళ్ళు లేచిపోతాయి.

సుబాబుల్_గుంటూరు:
ఇంత తతంగం ఎందుకన్నా? లీటరుకి 40 ఎంఎల్ కలిపితే ఏ పిస్టనూ గీసుకోదు. మా దగ్గర అందరూ అదే.

పాతచేతక్‌మెకానిక్:
మిషన్ పుస్తకంలో 25:1 (25 పాళ్ళు పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అని ఉంటే 40 ఎంఎల్ సరైనదే, కాదనను. కానీ దొంగగాలి ఉన్నచోట ఆయిల్ పెంచితే జబ్బు పోదు. పైగా కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే అదే జెట్ రంధ్రంలోంచి ఆయిల్ ఎక్కువ వెళ్తే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, ఇంకాస్త లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది తమ్ముడూ.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత సెట్టింగు మీదే నడిపితే కొంచెం లీన్‌గానే నడుస్తుంది. సముద్రపు తేమలో కలిపి పెట్టిన డబ్బా మూత సరిగా లేకపోతే నీళ్ళు లాగుతుంది. నీళ్ళూ ఇథనాలూ కిందకి దిగితే ట్యాంకు అడుగునుంచి పీల్చేది ఆ ఆయిల్ లేని పొరనే. గాజు సీసాలో కొంచెం పోసి పొర విడిందేమో చూడండి. నేనైతే వారానికి సరిపడానే కలుపుతాను, తైవాన్ స్ప్రేయర్‌కైనా అంతే.

సరుగుడుతోట:
చూశాను సార్. గీతలు సైలెన్సర్ వైపే. కార్బురేటర్ వైపు ఆ అడ్డగీతలు చక్కగా ఉన్నాయి. రబ్బరు బూటు కింద మడతలో పగులుంది, విప్పి వంచితే గానీ కనపడలేదు. కంప్రెషన్ 105 పీఎస్‌ఐ వచ్చింది. సిలిండర్‌లో ఒక చోట గరుకుగా ఉంది. రింగు ఒక్కటి మార్చి నడపొచ్చా?

పాతచేతక్‌మెకానిక్:
గీతలున్న పిస్టన్ మీద కొత్త రింగు నిలబడదు. ఆ గరుకు చోట గోరు పెట్టి చూడండి. ఎత్తుగా తగిలితే అంటుకున్న అల్యూమినియం. చిన్న బ్రష్‌తో బాత్‌రూమ్ యాసిడ్ ఆ మచ్చ మీదే రాసి, నురగ ఆగాక నీళ్ళతో కడిగి ఆయిల్ పట్టించండి. బయట గాల్లో, గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి. పోర్టుల (సిలిండర్ గోడలో ఉండే రంధ్రాల) అంచులకి తగలనివ్వొద్దు, అక్కడ సిలిండర్ లోపలుండే గట్టి పూత లేదు, తినేస్తుంది. గోరు లోపలికి దిగితే మాత్రం పూత పోయినట్టు, సిలిండర్‌తో సహా మార్చడమే.

బూటు, పిస్టన్ వేశాక హెచ్ స్క్రూ (ఫుల్ రేస్‌లో పెట్రోలు ఎంత వెళ్ళాలో సరిచేసే కార్బురేటర్ స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఖాళీగా ఫుల్ రేస్ ఇస్తే తడబడుతూ గరగరలాడాలి, కర్రలో దించగానే ఆ గరగర పోయి శుభ్రంగా లాగాలి. ఖాళీలోనే సన్నగా కీచుమంటుంటే ఇంకా లీన్‌గా ఉన్నట్టే.