మిమ్మల్ని వదలని సినిమా ఏది, ఎందుకు? (తిరుపతి, చిత్తూరు వాళ్ళ చర్చ)

కొండకిందోడు, తిరుపతి:
అందరికీ నమస్కారం. టాప్ టెన్ జాబితాలు వద్దు. ఒక్క సినిమా, అందులో ఏళ్ళు గడిచినా మీ మనసులోంచి పోని చోటు ఒకటి చెప్పండి. ఎందుకు పోలేదో కూడా రాయండి.

నాది 1960లో వచ్చిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'. ఎన్టీఆర్ గురించి, 'శేషశైలావాస' పాటలో ఘంటసాల గారే తెరమీద కనిపించి పాడటం గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం వకుళమాతగా వేసిన శాంతకుమారి గుర్తుంటారు. పి. పుల్లయ్య గారు ఇదే కథను 1939లో ఒకసారి తీశారు. అప్పుడు పద్మావతి ఆవిడే. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అదే దర్శకుడు, పైగా ఆమె భర్త, ఈసారి ఆమెకు తల్లి వేషం ఇచ్చారు. తాను పెళ్ళికూతురుగా నిలబడిన కథలోనే ఇప్పుడు కొడుకు కోసం పిల్లనడగడానికి పోతుంది. ఈ సంగతి తెలిశాక ఆమె ముఖంలో ఆ ఆరాటం ఇంకోలా కనబడింది నాకు. పేరూరు బండ మీది వకుళమాత గుడివైపు పోయినప్పుడల్లా ఆ ముఖమే కళ్ళముందుకొస్తుంది.

పుత్తూరు పంతులమ్మ:
'మాయాబజార్', 1957. అందులో సావిత్రి. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించాలి, అంటే ఆడపిల్ల ఒంట్లో ఎస్వీ రంగారావు కనబడాలి. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వచ్చిన క్షణంలో ఆమె భుజాలు చూడండి. విరుచుకుంటాయి, కాళ్ళు ఎడమవుతాయి, చేయి లేని మీసం మీదికి పోతుంది. ఎవరైనా చూస్తున్నారనిపించగానే మళ్ళీ సిగ్గుపడే పెళ్ళికూతురు. ఎడిటింగ్ మాయ కాదిది, మనిషి చేసింది. బళ్ళో పిల్లలకు నాటకం నేర్పించేటప్పుడు ఈ పాటే చూపిస్తాను. మాట లేకుండా పాత్ర మారడం ఎట్లాగో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

సంగీతం వీధి, తిరుపతి:
నేను గాత్రం నేర్చుకున్నదాన్ని, కాబట్టి 'శంకరాభరణం' (1980) అనడంలో ఆశ్చర్యం లేదు. కానీ కారణం మీరు అనుకునేది కాకపోవచ్చు.

శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి, నాటకాల్లో ఆరితేరినవారు. పాడింది బాలు గారు. ఆయనకూ శాస్త్రీయ సంగీతంలో పద్ధతైన శిక్షణ లేదు. ఇద్దరూ కలిసి ఒక మహా విద్వాంసుణ్ణి నిలబెట్టారు. ఆ సినిమాకు సంగీతం కట్టిన మహదేవన్ గారికి, బాలు గారికి, వాణీ జయరాం గారికి ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి.

నన్ను వదలనిది చివరి కచేరీ. 'దొరకునా ఇటువంటి సేవ', బిలహరి రాగం. శాస్త్రిగారు పాడుతూ పాడుతూ ఇక పాడలేకపోతారు. పాట మాత్రం ఆగదు, పిల్లవాడు అందుకుంటాడు. ఎవరూ వాడికి సైగ చెయ్యరు. గురువు ఊపిరి తడబడిందని శిష్యుడికి తెలుస్తుంది, అంతే. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఆ క్షణం ఎంత నిజమో తెలుసు. మా గురువుగారికి దగ్గొచ్చి ఆగితే పక్కన కూర్చున్నవాళ్ళం తర్వాతి ఆవర్తం మాకు తెలియకుండానే ఎత్తుకునేవాళ్ళం. గండపెండేరం, అంటే విద్వాంసుడికి సత్కారంగా కాలికి తొడిగే కడియం, ఆ పిల్లవాడి కాలికి చేరినప్పుడు ఏడుపొస్తుందనుకుంటారు గానీ, నాకు దానికంటే ముందే, వాడు మొదటి మాట అందుకున్న చోటే వచ్చేస్తుంది.

ఆ పిల్లవాడిగా వేసింది తులసి అనే చిన్నపాప. ఎన్నిసార్లు చూసినా నాకు వాడు అబ్బాయే.

కుప్పం ప్యాసింజర్:
'మరోచరిత్ర', 1978. మాకు ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. మా ఇంట్లో అమ్మవైపు అరవం, నాయనవైపు తెలుగు. బాలచందర్ గారి సినిమాలో అబ్బాయి తమిళోడు, అమ్మాయి తెలుగుది. అది మాకు కథ కాదు, మా పెద్దల పెళ్ళి. రంగుల సినిమాలు వచ్చేసిన కాలంలో బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, అయినా డబ్బింగ్ లేకుండానే మద్రాసులో నెలలకొద్దీ ఆడింది. వాళ్ళమ్మ ఆ అబ్బాయి ఫోటో కాల్చేస్తే ఆ బూడిద కలుపుకొని తాగేస్తుంది చూడండి సరిత, కొత్త పిల్ల, అదే మొదటి సినిమా! ఆ కళ్ళు మరిచిపోలేను.

శేషాచలం:
నాది 'పుష్ప' అన్నా. 2021ది. పాత సినిమాల మధ్యలో ఇదేందని అనుకోవద్దండి. అంతకుముందు మన యాస సినిమాలో వస్తే పక్కనోళ్ళు నవ్వేదానికే పెడతా ఉండిరి. హీరో మొదట్నుంచి చివరిదాకా మనట్లా మాట్లాడినాడు, దానికే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడు వచ్చె, తెలుగు హీరోల్లో మొదటిసారి. షూటింగు చేసిన అడివి మారేడుమిల్లిది, మాట మాత్రం మనది. నాకు ఫైట్లు గుర్తులేవు. ఇంటిపేరు అడిగినప్పుడు వాడు నోరు మూసుకునేది గుర్తుండాది. సొంత నాయన పేరు చెప్పుకోనీకుండా అందరి ముందర అన్న అవమానిస్తే ఎట్లుంటాదో, అట్లాంటి ఇండ్లు మా ఊర్లో ఉండాయి.

పుత్తూరు పంతులమ్మ:
శేషాచలం తమ్ముడూ, ఇంటిపేరు సంగతి ఒప్పుకుంటాను, అది బాగా తీశారు. కానీ ఎర్రచందనం నరికేవాణ్ణి అంత గొప్పగా చూపిస్తే మా తొమ్మిదో తరగతి పిల్లలు వాడిలాగే నడుస్తున్నారు. ఆ కూలికి పోయి జైళ్ళలో మగ్గినవాళ్ళ కుటుంబాలు తెలిసినదాన్ని, నాకు అది మింగుడుపడదు.

శేషాచలం:
నిజమే అక్కా. కూలోళ్ళ కథ ఇంకా ఎవురూ తీయలా. తీస్తే మొదటి టికెట్టు నాదే.

గాంధీరోడ్డు పెద్దాయన, చిత్తూరు:
మన ఊరి పేరు ఇంటిపేరులా పెట్టుకున్న మనిషిని ఎవరూ తలవలేదే! చిత్తూరు నాగయ్య గారు. 'త్యాగయ్య' (1946) ఆయనే నటించి, దర్శకత్వం చేశారు. నాకు మాత్రం మరుసటి ఏడు వచ్చిన 'యోగి వేమన'. కె.వి. రెడ్డి గారిది, పంతులమ్మ గారు చెప్పిన 'మాయాబజార్' దర్శకుడే. పసిబిడ్డ పోయిన తర్వాత నాగయ్య గారు 'ఇదేనా, ఇంతేనా' అని పాడతారు. గొంతు పెంచరు. గుండెలు బాదుకోరు. నా మనవరాలు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న రాత్రి ఆ పాట తలపుకొచ్చి భయపడ్డాను, ఇప్పుడు దానికి పెళ్ళీడు. అయినా ఆ పాట వినాలంటే ఇప్పటికీ మనసు కూడగట్టుకోవాలి.

రేణిగుంట జంక్షన్:
అందరికీ దండాలు. ఇవన్నీ మా పిల్లకు చూపించాలనుంది, ఎనిమిదేళ్ళు. 'మాయాబజార్' నుంచే మొదలుపెడదామా? 2010లో వచ్చిన రంగుల ప్రింటు చూపించాలా, పాతదా?

పుత్తూరు పంతులమ్మ:
పాతదే చూపించండి. 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారి వెన్నెల నలుపు తెలుపుల్లో ఉన్నట్టు రంగుల్లో ఉండదు. పిల్లలు రంగు లేదని మొదట గొణుగుతారు, ఘటోత్కచుడు వచ్చేదాకానే. 'వివాహ భోజనంబు' దగ్గర తినడానికి ఏదైనా చేతిలో పెట్టండి, అడుగుతారు. ఇంకొకటి, పాండవులు ఎక్కడొస్తారో కనిపెట్టమనండి. కథంతా వాళ్ళ చుట్టూనే తిరిగినా ఒక్క దృశ్యంలో కూడా కనబడరు. మా క్లాసులో అది కనిపెట్టినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చూడాలని గొడవచేశారు.