ఫుల్ కోర్ట్ ప్రెస్ మన కాలేజీ జట్లకి పనికొస్తుందా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

నాగావళి గట్టు:
శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి సాయంత్రాలు ప్రాక్టీస్ చేయిస్తున్నాను. జట్టులో ఆరడుగులు దాటినవాడు ఒక్కడే. పోయిన ఏడాది టోర్నమెంట్‌లో ప్రతి మ్యాచ్‌లోనూ ఒకటే వరస. మావాళ్లు వెనక్కి పరిగెత్తి రింగు కింద నిలబడతారు. అవతలి పొడుగువాళ్లు నింపాదిగా నడిచొచ్చి నెత్తి మీద నుంచి వేసేస్తారు. ఈసారి మొదటి నిమిషం నుంచే ప్రెస్ వేద్దామనుకుంటున్నాను, అంటే వెనక్కి రాకుండా కోర్టంతా అవతలివాళ్లని వెంటాడటం. బాస్కెట్ పడగానే వాళ్ల ఎండ్ లైన్ దగ్గరే పట్టుకోవాలి, బాల్ అందుకున్నవాడిని మూలకి తరిమి ఇద్దరు మూసేయాలి (అదే ట్రాప్), బాల్ దొరికిందా, రెండు పాసుల్లో రింగు పక్కకెళ్లి లేఅప్ వేసేయాలి. పన్నెండు మందినీ తిప్పుతాను.

1964లో జాన్ వుడెన్ కోచింగ్‌లో అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ జట్టు 2-2-1 జోన్ ప్రెస్ (ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనక ఒకడు) వేసి 30కి 30 మ్యాచ్‌లు గెలిచింది. మొదటి ఐదుగురిలో ఆరడుగుల ఐదంగుళాలు దాటినవాడు లేడు. ఎత్తు లేనివాళ్లకి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

పాత నంబర్ 4:
తమ్ముడూ, ఆరడుగుల ఐదంగుళాలు పొట్టా? అంత కుర్రాడు కనిపిస్తే మన పీడీలు వాడి ఊరు వెళ్లి మరీ తెచ్చుకుంటారు.

నేను విజయనగరంలో మూడేళ్లు ఆడాను, రెండేళ్లు కెప్టెన్‌ని. నువ్వు చెప్పే జట్లు చెక్క నేల మీద, హాల్లో ఆడతాయి. మనది సిమెంటు. పైన ఎండ, ఒంటికి సముద్రపు ఉక్క, కడుపులో మెస్ సాంబారన్నం. మాకు ఒక ఏడాది కొత్త కోచ్ వచ్చి ఇదే మొదలుపెట్టించాడు. మూడో మ్యాచ్‌లో ట్రాప్‌కి దూకి ఆగబోతే నా కుడి మోకాలు తిరిగిపోయింది. ఈరోజుకీ మెట్లు దిగితే కలుక్కుమంటుంది. ప్రెస్ ఒక్కసారి పగిలితే వెనక ఇద్దరి మీదకి ముగ్గురు వస్తారు. పైగా చేతులు తగలకుండా ప్రెస్ వేసేవాళ్లు మన దగ్గర లేరు. క్వార్టర్‌లో జట్టు మొత్తానికి ఐదో ఫౌల్ నుంచి అవతలివాళ్లకి రెండేసి ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డుపడని షాట్లు.

రూల్ బుక్:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. అమెరికా పురుషుల కాలేజీ ఆటలో సగం కోర్టు దాటడానికి 10 సెకన్లు. మనం ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో 8 సెకన్లే. 2000లో 10 నుంచి 8కి తగ్గించారు. కాబట్టి ప్రెస్ అక్కడికంటే ఇక్కడే ఎక్కువ గిట్టుబాటు.

పాత నంబర్ 4:
8 అయినా 10 అయినా మోకాలికి ఒకటే.

రూల్ బుక్:
ఒకటి కాదు. బాల్ చేతికొచ్చాక షాట్ వేయడానికి ఇచ్చే టైము, అదే షాట్ క్లాక్, అక్కడ 30 సెకన్లు, ఇక్కడ 24. ప్రెస్‌తో 7 సెకన్లు తినేస్తే వాళ్ల దాడికి మిగిలేది 17. బాల్ లాక్కోకపోయినా మీకు లాభమే. ఈ లెక్క ఎవరూ చూడటం లేదు.

గంట స్తంభం:
నేను చూసిన చాలా మ్యాచ్‌లకి షాట్ క్లాకే లేదండీ. టేబుల్ దగ్గర ఒక మాస్టారు స్టాప్ వాచ్ పట్టుకుని కేకేస్తారు.

రూల్ బుక్:
క్లాక్ లేకపోతే రెఫరీ లెక్కపెట్టాలి. 8 సెకన్లు 8 సెకన్లే.

నాగావళి గట్టు:
అన్నా, మీ మోకాలి సంగతి చదివి బాధేసింది. ఒక్కటి చెప్పండి. ఆ ఏడాది ఎంతమందిని తిప్పారు?

పాత నంబర్ 4:
ఏడుగురం. చివర్లో ఆరుగురం.

నాగావళి గట్టు:
అదే అసలు తప్పు. ప్రెస్ ఏడుగురితో అయ్యే పని కాదు. కోచ్ నోలన్ రిచర్డ్‌సన్ ఆర్కన్సా యూనివర్సిటీ జట్టు 1994 అమెరికా కాలేజీ ఫైనల్లో డ్యూక్ యూనివర్సిటీని 76-72తో ఓడించింది. 40 నిమిషాలూ ఊపిరాడనివ్వకపోవడమే ఆయన పద్ధతి, దానికి బెంచీ మీద ఆడగలిగినవాళ్లు ఉండాలి. అక్కడే గ్రిన్నెల్ అనే చిన్న కాలేజీ అయితే ఐదుగురికి ఐదుగురిని ఒకేసారి మారుస్తుంది. ఒక్కొక్క గుంపు నిమిషమో, ఇంకాస్తో ఆడి వచ్చేస్తుంది. ఏ కుర్రాడూ మోకాలు పోయేంత అలసిపోడు.

ఆరో అమ్మాయి:
మా అమ్మాయిల జట్టులో ప్రాక్టీస్‌కి వచ్చేది ఆరుగురం. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని మిగతావాళ్లని ఇంట్లో పంపరు. పన్నెండు మంది అని మీరు తేలిగ్గా రాస్తున్నారు.

పాత నంబర్ 4:
వినండి. మార్చాలంటే బాల్ డెడ్ అవ్వాలి, అంటే ఆట ఆగాలి తమ్ముడూ, నీకు కావాల్సినప్పుడు ఆగదు. అలసిన ఐదుగురు అలాగే పరిగెత్తాలి. ఇక నీ పదకొండోవాడు, పన్నెండోవాడు దిగారంటే రెండు నిమిషాల్లో పది పాయింట్లు పోతాయి. ఆట రానివాడికి కూడా నిమిషాలు పంచడానికి ఇదేమన్నా రేషన్ డిపోనా? కాలేజీ పంపేది గెలవమని.

నాగావళి గట్టు:
"ఆట రానివాడు". ఈ మాట నేను మూడేళ్లు విన్నాను సార్.

మా కాలేజీలోనూ ఐదుగురే ఆడేవారు. స్కోరు ఎంతున్నా వాళ్లే. నేను సీసాల్లో నీళ్లు నింపేవాడిని, తువ్వాళ్లు అందించేవాడిని. మూడేళ్లలో నేను కోర్టులో ఉన్నది మొత్తం పదకొండు నిమిషాలు. ఒకసారి మా అమ్మ టెక్కలి నుంచి బస్సెక్కి మ్యాచ్ చూడ్డానికి వచ్చింది. ఇరవై పాయింట్లు ముందున్నాం. అయినా నన్ను లేపలేదు. తిరిగి వెళ్తూ బస్టాండులో, "నువ్వు ఎప్పుడాడతావు బాబూ" అని అడిగింది. ఆట రాదన్నారు, నిజమే. ఆడనిస్తే కదా వచ్చేది?

పాత నంబర్ 4:
అయితే నీ గొడవ ప్రెస్ గురించి కాదు, బెంచీ గురించి. ముందే అలా చెప్పొచ్చుగా.

నేను ఆ ఐదుగురిలో ఒకడిని. పొద్దున్న ఐదింటికి లేచి, చీకట్లో చెప్పుల్లేకుండా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాం. ఆ నిమిషాలు ఎవరి దగ్గరా లాక్కోలేదు, కష్టపడి సంపాదించుకున్నాం. మమ్మల్ని దొంగల్లా చేసి మాట్లాడకు.

నాగావళి గట్టు:
మిమ్మల్ని దొంగలనలేదు. మీరూ ఏడుగురితో సరిపెట్టుకుని మోకాలు పోగొట్టుకున్నారు. బెంచీ మీద ఇంకో ఐదుగురు ఆరోగ్యంగా కూర్చుని చూశారు. మీరు దిగాక మీ చోట ఆడింది ఎవరు?

పాత నంబర్ 4:
ఎవరో జూనియర్. పేరు గుర్తు రావడం లేదు. నన్ను రిక్షాలో తీసుకెళ్లింది మాత్రం వాడే, మ్యాచ్ అయ్యాక.

రూల్ బుక్:
8 సెకన్ల గురించి ఎవరూ జవాబివ్వలేదు.

నాగావళి గట్టు:
సిమెంటు గురించి మీ మాట ఒప్పుకుంటున్నానన్నా. ట్రాప్ ప్రాక్టీస్ మట్టి గ్రౌండ్‌కి మారుస్తాను, కోర్టు మీద వారానికి రెండు రోజులే. కానీ పన్నెండు మందీ ఆడతారు. ఆ విషయంలో వెనక్కి తగ్గను.

పాత నంబర్ 4:
ఫైనల్‌కి వస్తే అప్పుడు చూస్తాను, పన్నెండోవాడిని దించుతావో లేదో.

ఆరో అమ్మాయి:
ఆరుగురితో ఏదైనా దారి ఉంటే ఎవరైనా చెప్పండి.

పాత నంబర్ 4:
ఉందమ్మా. ఆట అంతా వద్దు. మీ ఫ్రీ త్రో పడ్డాక మాత్రమే వేయండి, అప్పటికి అందరూ మీ మీ చోట్లలో నిలబడి, ఊపిరి తీసుకుని ఉంటారు. మొదటి పాస్ మూలకి పోతేనే ఇద్దరు వెళ్లండి, లేకపోతే వెనక్కి వచ్చేయండి. మోకాళ్లు వంచి చిన్న చిన్న అడుగులతో ఆగడం ముందు నేర్చుకోండి. నాకు ఎవరూ నేర్పలేదు.