లాన్సర్ బంపర్ సెకండ్ హ్యాండ్‌ల ఏడ దొరుకుతది, జర చెప్పుండ్రి

ఎర్రబండి_పాలమూరు:
అన్నా పొద్దుగాల్ల సంది ఫోన్లు చేసి చేసి దిమాక్ ఖరాబైంది. జడ్చర్ల దాటినంక బర్రె అడ్డమొచ్చి నా మిత్సుబిషి లాన్సర్ కారు బంపర్ పలిగింది. షోరూమోళ్లు ఆ పార్ట్ ఇగ రాదన్నరు. గోషామహల్‌ల ఒకాయన లాన్సర్ బంపరే అని చెప్పి ఆర్టీసీ కార్గోల పంపిండు, తీరా పెట్టి చూస్తే హెడ్‌లైట్ కింద వేలు దూరేంత సందు, ఫెండర్ (ముందు టైరు మీది రేకు) కాడ ఒక్క హోల్ కలుస్తలేదు, వాపస్ తీసుకొమ్మంటే ఫోన్ ఎత్తుతలేడు. స్పోర్ట్స్ కారు కదా, గ్యారేజీలల్ల ఎవరూ చెయ్యి పెడ్తలేరు. సరిగ్గ కూసునేది ఏడ దొరుకుతది?

మిర్యాలగూడ_గ్యారేజ్:
ఏ లాన్సర్? ఏ సాలుది? ముందుదా ఎనకదా?

దేవరకొండ_పెద్దాయన:
తమ్మీ, బంపర్ దొరుకుతలేదని ముందట ఇనుప గార్డు మాత్రం బిగియ్యకు. 2017 డిసెంబర్‌లనే కేంద్రం వాటిని తీసేయించమని రాష్ట్రాలకు రాసింది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తది. బంపర్ నలిగి దెబ్బను మింగాలె, గార్డు ఉంటే ఆ దెబ్బ సీదా చాసిస్ మీదికి పోతది, ఎదురుంగ నడిచేటోని పాణం మీదికి వస్తది. ఇంకోటి, 15 ఏండ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయించాలె, అది మళ్ల 5 ఏండ్లకే ఇస్తరు. ముందు ఆర్సీ తీసి చూసుకో.

ఎర్రబండి_పాలమూరు:
గార్డు ఎవరడిగిండ్రు పెద్దాయనా. ముందటి బంపరే కావాలె. 2007ది, సెడియా.

మిర్యాలగూడ_గ్యారేజ్:
గది ముందుగాల చెప్పాలె. లాన్సర్ అంటే ఎవరైనా 1998ల వచ్చినదానిదే ఇస్తరు. సెడియా దాని తర్వాతి మోడల్, 2006ల వచ్చింది. లైట్లు వేరు, ఫెండర్ వేరు, బిగించే కాడ కూడ వేరు. కలవదు.

నల్లగొండ_నాగన్న:
నాలుగు డోర్లున్నదాన్ని స్పోర్ట్స్ కారు అంటరా అసలు?

సూర్యాపేట_స్పీడ్:
ఎందుకనరు? 2 లీటర్ల ఇంజన్, 115 పీఎస్ పవర్, మన దేశం ర్యాలీలల్ల ఉరికిన బండి అది. తమ్మీ నువ్వు ఎవో, అంటే లాన్సర్ ఎవల్యూషన్ బంపర్ తెప్పిచ్చుకో, ఎవో 7, 8, 9 ఇదే బాడీ మీద కట్టినయే.

మిర్యాలగూడ_గ్యారేజ్:
ఎవో ఫెండర్లు వెడల్పు. బంపర్ ఒక్కటే వేస్తే మూలలు బయటికి తేల్తయి. వద్దు.

నల్లగొండ_నాగన్న:
ర్యాలీల ఉరికితే స్పోర్ట్స్ కారైతదా, జిప్సీ కూడ ఉరికింది.

వనపర్తి_పెయింటర్:
గా లొల్లి పక్కకు పెట్టుండ్రి. తమ్మీ నువ్వు బంపర్ కొనకముందే పాతది మొత్తం ఇప్పి లోపటి ఇనుప బీమ్ చూడు, బర్రెకు తలిగిందంటున్నవు, అది ఒక దిక్కు కొంచెం లోపటికి పోయినా నీ బండి బంపరే తెచ్చినా సందు పోదు. అమ్మేటాయనకు లాన్సర్ అని చెప్పకు, సెడియా అని చెప్పు, చాసిస్ నంబర్ ఇయ్యి, ముందటి ఫోటో ఒక్కటే చూసి పైసలు కొట్టకు, బంపర్‌ను బోర్ల పెట్టి ఎనక దిక్కు ఫోటో పంపమను. ఫెండర్‌కు తగిలే రెండు కొనలల్ల లాకులుంటయి, సెకండ్ హ్యాండ్‌ల అవే ఇరిగి ఉంటయి, పెయింట్ మీద గీతలుంటే నేను సాఫ్ చేస్త గని లాకులు లేకుంటే నెల తిరగకముందే ఊగుడు మొదలైతది. లోపట పీపీ అని అచ్చు ఉంటే ప్లాస్టిక్‌ది, దారాలు దారాలుగ గరుకుగ కనవడితే ఫైబర్, దాన్ని సాన పడ్తె గని కూసోదు. నీ పలిగిన బంపర్ పారెయ్యకు, దాని లాకులు మంచిగుంటే కోసి ఇంకోదానికి వెల్డింగ్ పెట్టొచ్చు, రెండూ పీపీ అయితేనే అతుకుతయి. పెయింట్ ఏసేటప్పుడు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టిచ్చు, లేకుంటే పొరలు పొరలుగ లేస్తది. ఎర్ర రంగు ఎండకు ఎలుస్తది, అందుకే కోడ్ చూసి కలిపితే సాలదు, ఫెండర్ పక్కన పెట్టి కలపాలె. విజయవాడ ఆటోనగర్‌ల అడుగు, ఆడ లేకుంటే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి.

ఎర్రబండి_పాలమూరు:
ఇప్పి చూసిన, బీమ్ ఎడమ దిక్కు లోపటికే పోయింది. ఆటోనగర్‌ల ఒకాయన సెడియాది ఉందన్నడు, ఎనక ఫోటో అడిగిన. థాంక్స్ అన్నా.

దేవరకొండ_పెద్దాయన:
ఆర్సీ ఎప్పటిదాంక ఉంది తమ్మీ?

కల్వకుర్తి_కారు:
నాకు సెడియాది ఎనక బంపర్ కావాలె, ఎవరి కాడన్న ఉంటే చెప్పుండ్రి.