సైజు మార్చిన టైర్లకు గాలి ఎంత ఉంచాలి?

అన్నలూ, నాది పికప్ బండి. నర్సంపేట, పరకాల వైపు ఊళ్ల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి కిరాయి వేస్తుంటాను. కంపెనీ టైర్లు 215/75 ఆర్15 అరిగిపోతే, మట్టి రోడ్లకు కాస్త ఎత్తుగా ఉంటాయని నాలుగూ 235/75 ఆర్15 ఎల్‌టి (లైట్ ట్రక్ రకం) వేయించాను. టైర్ల షాపులో నాలుగింటికీ 65 పాయింట్లు (పీఎస్ఐ) గాలి కొట్టి పంపారు, టైరు మీద అదే రాసి ఉందన్నారు. డోరు దగ్గర స్టిక్కర్ మీద మాత్రం ముందు 36, వెనక 60 ఉంది. ఖాళీగా వెళ్తే బండి ఎగిరెగిరి పడుతోంది, స్టీరింగ్ మరీ తేలికైపోయింది, వానలో బ్రేక్ కొట్టాలంటే టెన్షన్‌గా ఉంది. టైరు మాట వినాలా, స్టిక్కర్ మాట వినాలా?

హన్మకొండ టైర్ల పని:
తమ్మీ, ముందు టైర్లలో 65 చాలా ఎక్కువ, రేపు పొద్దున్నే తగ్గించు. టైరు పక్కన రాసింది పూర్తిగా చదివితే, ఒక్క టైరు అత్యధికంగా ఎంత బరువు మోస్తుందో, ఆ బరువుకు చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి కావాలో ఉంటుంది. రోజూ అంత కొట్టమని కాదు దాని అర్థం. స్టిక్కర్ నంబరేమో బండితో వచ్చిన టైర్లకు లెక్కకట్టింది. నీ బండికి సరైన గాలి తేల్చేది టైరు మీద పడే బరువు. అది కాంటా మీదే తెలుస్తుంది.

మార్కెట్ దగ్గర కాంటాలకు కొదవ లేదు కదా, నిండు లోడుతో వెళ్లి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం వేయించు. నువ్వు సీట్లోనే కూర్చోవాలి, కాంటా బయట నేల కూడా సమంగా ఉండాలి. టైరు మీద సైజు పక్కన 110/107 లాంటి నంబరు ఉంటుంది, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పేది అదే, అదీ చూసి చెప్పు.

పికప్ (ప్రశ్న అడిగినవాడు):
తూకం వేయించాను అన్నా. నిండు లోడుతో మొత్తం 2700 కేజీలు, ముందు 960, అంటే వెనక 1740. ఖాళీ బండికి వెనక 700. టైరు మీద 110/107 ఉంది, సింగిల్ (పక్కకు ఒకే టైరు ఉంటే) 1060 కేజీలు, 65 పీఎస్ఐ అని రాసి ఉంది. పాత టైరు మీద 106.

హన్మకొండ టైర్ల పని:
మంచిది. 106 అంటే 950 కేజీలు, 110 అంటే 1060. కొత్తది పాతదానికంటే ఎక్కువ మోస్తుంది కాబట్టి ఆ భయం లేదు. ఈ నంబరు తగ్గే టైరు మాత్రం ఎంత చవకగా వచ్చినా లోడు బండికి వేయించుకోవద్దు.

వెనక ఒక్కో టైరు మీద 870 కేజీలు పడుతోంది. 870ని 1060తో భాగించి 65తో గుణిస్తే 53 వస్తుంది. ఈ లెక్క అసలు అవసరం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అంటే తప్పినా మంచివైపే తప్పుతుంది. అయినా మిర్చి బస్తాలు ఒక పక్కకు ఒరిగితే ఆ టైరు మీదే బరువు పెరుగుతుంది, అందుకని నిండు లోడుకు 58 పెట్టు. ముందు లెక్క 30 లోపే వస్తుంది, కానీ స్టిక్కర్ కంటే దిగవద్దు, 36 ఉంచు. రోజూ పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ అయితే ప్రతిసారీ గాలి తీయక్కర్లేదు, లోడుకు పెట్టిన గాలితోనే తిరుగు. సీజన్ అయిపోయి వారాల తరబడి ఖాళీగా తిరిగితే వెనక 40కి తగ్గించుకోవచ్చు. మళ్లీ లోడు ఎక్కించే ముందు కొట్టించడం మరువద్దు, తక్కువ గాలితో లోడు లాగితే పక్క గోడ నలిగి, లోపల వేడెక్కి పేలేది అలాగే.

ములుగు రోడ్డు:
నేనైతే సుద్దముక్కతో టైరు అడ్డంగా గీత గీసి, సమంగా ఉన్న రోడ్డు మీద కొంచెం నడిపి చూస్తాను. మధ్యలోనే చెరిగిపోతే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. కాంటా ఎందుకు దండగ?

హన్మకొండ టైర్ల పని:
సుద్దతో తెలిసేది టైరు నేలకు సమంగా ఆనుతుందా లేదా అనేదే. ఆ గాలికి బరువు మోయగలదో లేదో అది చెప్పదు. ఖాళీ బండికి సుద్ద చూసి గాలి తగ్గించుకుని, అదే గాలితో టన్ను సరుకు ఎక్కిస్తే ఎలా? కాంటా లెక్క అయ్యాక సరిచూసుకోవడానికైతే పనికొస్తుంది, తప్పకుండా చెయ్యి.

రామగుండం డ్రైవర్:
మా వైపు ఎండల సంగతి తెలిసిందే కదా, అందుకే ఒక మాట. గాలి ఎప్పుడూ పొద్దున బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం నడిచి వచ్చిన టైరులో ఏడెనిమిది పాయింట్లు పెరిగి కనిపిస్తే చాలామంది భయపడి తీసేస్తారు, తెల్లారి చల్లారాక అది తక్కువై కూర్చుంటుంది. 60 దగ్గర ఉన్న టైరులో ఎండ 4 డిగ్రీలు మారితే గాలి ఒక పాయింట్ అటూ ఇటూ అవుతుంది, కాబట్టి చలికాలంలో పెట్టిన గాలిని మే నెలలో మళ్లీ పొద్దున చూసి సరిచేయాలి.

వాల్వులు కూడా చూసుకో తమ్మీ. మామూలు రబ్బరు వాల్వు 65 పాయింట్ల వరకే, షాపువాళ్లు దాన్ని చివరి అంచు దాకా నింపి పంపారు. లోడు బండికి మెటల్ వాల్వులు వేయించడం మేలు.

పికప్ (ప్రశ్న అడిగినవాడు):
ముందు 36, వెనక 58 పెట్టించాను అన్నా. స్టీరింగ్‌కు మళ్లీ పట్టు వచ్చింది. వాల్వులు ఈ వారం మార్పిస్తాను. స్టెప్నీ మాత్రం పాత సైజుదే ఉంది, దాంతో నడపొచ్చా?

హన్మకొండ టైర్ల పని:
కొత్తది పాతదానికంటే 3 సెంటీమీటర్లు ఎత్తు. వెనక ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది వేసి ఎక్కువ దూరం నడిపితే డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఊరికే తిరుగుతూ అరుగుతుంది. వెనక పంక్చర్ అయితే ముందుది ఒకటి తీసి వెనక వేసి, లోడు ఉంటే దాని గాలి 58కి పెంచి, స్టెప్నీని ముందు పెట్టి మెల్లగా షాపు దాకా రా. స్టెప్నీలో గాలి 60 ఉంచుకో, ముందు బిగించాక 36కి తగ్గించు. ఇంకోటి, టైర్లు ఎత్తు పెరిగాయి కాబట్టి స్పీడ్ మీటర్‌లో 60 చూపిస్తే ఇప్పుడు నువ్వు నిజంగా పోయేది 62 పైనే.