పీజీ హాస్టల్ ఆప్‌కి రియాక్ట్ కావాలా, హెచ్‌టీఎంఎక్స్ సరిపోతుందా?

కడప_కుర్రాడు:
బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయ్ పీజీలు నడుపుతున్నారు. అద్దె లెక్కలు, ఖాళీ బెడ్లు, కంప్లయింట్లు అన్నీ ఇప్పుడు ఒక నోట్‌బుక్‌లో, రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. వెబ్ ఆప్ చేయిద్దామని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇద్దరు ఫ్రీలాన్సర్లను అడిగితే స్క్రీన్లకి రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, సర్వర్‌కి నోడ్ అన్నారు. నాకు పైథాన్ వచ్చు, దానితో వెబ్‌సైట్లు కట్టే జాంగో కొంచెం తెలుసు. జాంగోకి హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీ కలిపి నువ్వే చేసేయొచ్చు కదా అంటున్నాడు రూమ్మేట్. ఒక్క స్క్రీన్ మాత్రం గట్టిది: ఫ్లోర్ మ్యాప్‌లో బెడ్ మీద నొక్కితే ఎవరున్నారో, అద్దె కట్టారో లేదో కనిపించాలి. మనిషిని ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి మార్చగలగాలి. ఏది తీసుకోమంటారు?

పాతకాపు:
హెచ్‌టీఎంఎక్స్. ఇందులో ఆలోచించడానికేం లేదు. బెడ్ నొక్కితే సర్వర్‌కి రిక్వెస్ట్ వెళ్తుంది, సర్వర్ చిన్న హెచ్‌టీఎంఎల్ ముక్క పంపిస్తుంది, అది పేజీలో నువ్వు చెప్పిన చోట కూర్చుంటుంది. ట్యాగ్‌లో రెండు యాట్రిబ్యూట్లు రాస్తే పని అయిపోతుంది. పేజీ మొత్తం మారకుండా సర్వర్‌తో మాట్లాడే సదుపాయం 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తోనే వచ్చింది. దాని మీదే 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. రియాక్ట్ బయటికొచ్చింది 2013లో. అంతకుముందు మనం ఇంటరాక్టివ్ ఆప్‌లు కట్టలేదా?

బెల్లందూర్_భాను:
కట్టాం పాతకాపు గారూ. వాటిని బాగుచేసే పని నా నెత్తిన పడింది. నా మొదటి ఉద్యోగంలో ఒక ఆర్డర్ స్క్రీన్, మొత్తం జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీతోనే. క్వాంటిటీ మారిస్తే ఆ లైను మొత్తం మారాలి, కింద టోటల్ మారాలి, పైన కార్ట్ అంకె మారాలి, డిస్కౌంట్ తగిలితే మళ్లీ టోటల్ మారాలి. ఒక్కోదానికి ఒక్కో ఫంక్షన్, ఒక్కోటీ ఒక్కో ఫైల్లో. ఎవరో ఒకటి మరిచిపోతే కస్టమర్‌కి పైన ఒక అంకె, కింద ఇంకో అంకె. ఈ తలనొప్పి ఫేస్‌బుక్‌కే తప్పలేదు. 2014లో వాళ్లు ఫ్లక్స్ అనే తమ డేటా పద్ధతి గురించి చెబుతూ చూపించిన ఉదాహరణ, చాట్‌లో మెసేజ్ చదివేసినా చదవనట్టు అంకె కనిపించే బగ్. డేటా ఒక్కచోట ఉండాలి, స్క్రీన్ దాన్ని చూసి తయారవ్వాలి. రియాక్ట్ చేసేది అదే. బెడ్ మ్యాప్ కూడా ఇలాంటిదే: 204లో ఉన్నతన్ని 301కి మారిస్తే రెండు బెడ్ల రంగు, రెండు ఫ్లోర్ల ఖాళీల లెక్క, అతని అద్దె, అన్నీ ఒకేసారి మారాలి.

సిల్క్‌బోర్డ్_శీను:
రియాక్ట్ లాంటిదే వ్యూ కూడా, దాని పేరు ఎవరూ ఎత్తరేంటి? 2014 నుంచి ఉంది, నేర్చుకోవడమూ తేలికే.

పాతకాపు:
భాను గారూ, ఆ లెక్కలన్నీ సర్వర్‌లోనే ఉన్నాయి కదా. డేటాబేస్‌లో మార్చి, మొత్తం మ్యాప్‌నే మళ్లీ పంపిస్తే సరి. అంకెలు తేడా వచ్చే ప్రసక్తే లేదు. మీరు బ్రౌజర్‌లో ఇంకో కాపీ పెట్టుకుని, ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ఇంకో లైబ్రరీ తెచ్చుకుంటున్నారు. హెచ్‌టీఎంఎక్స్ జిప్ చేస్తే 14-16 కేబీ. రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌లో చూపించే రియాక్ట్-డామ్ కలిస్తేనే 40 దాటుతుంది, మీరింకా ఒక్క లైను కోడ్ రాయకముందే.

బెల్లందూర్_భాను:
కేబీలతో ఏం పని? వార్డెన్ వాట్సాప్‌లో పంపే ఒక్క ఆధార్ ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఒకసారి దిగితే క్యాష్‌లో ఉండిపోతుంది.

పాతకాపు:
దిగడం వేరు, నడవడం వేరు. ఆ జావాస్క్రిప్ట్‌ని విప్పి, పార్స్ చేసి, నడిపించాల్సింది వార్డెన్ చేతిలో ఉన్న చవక ఫోను. ఫోటోకి ఆ బాధ లేదు.

సర్జాపుర_సుధ:
ఏది వాడినా సరే, బెడ్‌ని బటన్ ట్యాగ్‌తోనే చేయండి. నేను టెస్టింగ్‌లో ఉన్నాను. డివ్ అనే మామూలు పెట్టె ట్యాగ్‌కి ఆన్‌క్లిక్ తగిలించి వదిలేసిన స్క్రీన్లు రోజూ నా దగ్గరికి వస్తాయి. మౌస్‌తో బాగానే ఉంటాయి. కానీ ట్యాబ్ కీ వాటి మీద ఆగదు, ఎంటర్ కొడితే కదలిక ఉండదు, ఫోన్‌లో స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాటిని బటన్ అని చదవదు. పీజీల్లో చూపు లేని ఉద్యోగులూ ఉంటారు, వాళ్ల కంప్లయింట్ వాళ్లే పెట్టుకోగలగాలి. ఇంకొకటి, బెడ్లకు ఎరుపు, ఆకుపచ్చ పూసి ఊరుకోకండి. ఖాళీ, బాకీ అని అక్షరాల్లో రాయండి.

కడప_కుర్రాడు:
థాంక్స్ అక్కా, ఇది నాకు తట్టనే లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక బిల్డింగ్‌లో ఆఫీసు బేస్‌మెంట్‌లో ఉంటుంది, సిగ్నల్ వచ్చి పోతుంటుంది. ఇదివరకు ఒక రెడీమేడ్ ఫారమ్ పెట్టి చూస్తే, వార్డెన్ సబ్‌మిట్ నొక్కాడు, కదలకపోయేసరికి మళ్లీ నొక్కాడు. ఒకే అద్దె రెండుసార్లు ఎక్కింది. నెలాఖరులో కుర్రాళ్లతో గొడవ.

బెల్లందూర్_భాను:
ఇక్కడే హెచ్‌టీఎంఎక్స్ పని అయిపోయింది. ప్రతి నొక్కుకీ సర్వర్ కావాలి, సిగ్నల్ లేకపోతే వార్డెన్ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. బ్రౌజర్‌లోనే లాజిక్ ఉంటే ఇండెక్స్‌డ్‌డీబీ అనే బ్రౌజర్ నిల్వలో దాచుకుని, సిగ్నల్ వచ్చాక పంపొచ్చు.

పాతకాపు:
ఇండెక్స్‌డ్‌డీబీ, నెట్ లేకున్నా పేజీని నడిపించే సర్వీస్ వర్కర్ రెండూ బ్రౌజర్ ఇచ్చినవి, రియాక్ట్ ఇచ్చినవి కావు. ఆ ఒక్క అద్దె ఫారమ్‌కి మామూలు జావాస్క్రిప్ట్ రాసుకోవచ్చు. దానికోసం ఆప్ మొత్తం రియాక్ట్‌లో ఎందుకు?

సర్జాపుర_సుధ:
ఇద్దరూ అతను అడిగింది వదిలేశారు. ఒకే అద్దె రెండుసార్లు ఎక్కకుండా ఉండాలంటే ఫారమ్ తెరిచినప్పుడే దానికో ప్రత్యేక ఐడీ ఇవ్వాలి, డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే షరతు, పెట్టాలి. అదే ఐడీ మళ్లీ వస్తే కొత్త వరుస చేర్చకుండా, ముందే అందింది అని చెప్పాలి. బటన్‌ని డిజేబుల్ చేయడం మంచిదే. కానీ అద్దె సర్వర్‌కి చేరి, జవాబు తిరిగొచ్చేలోపు నెట్‌వర్క్ తెగితే అది కాపాడదు. ఈ పని రియాక్ట్ చేయదు, హెచ్‌టీఎంఎక్స్ కూడా చేయదు.

పాతకాపు:
సుధ గారు చెప్పింది సరైన మాట. అసలు ఇవే నేర్పాలి. కానీ మనకి కొత్తొక వింత, పాతొక రోత. మా టీమ్ ఒక పెద్ద ఆప్‌ని యాంగ్యులర్‌జేఎస్ అనే ఇంకో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో కట్టింది. 2016లో యాంగ్యులర్ 2 వచ్చింది, పేరు తప్ప అంతా వేరు. పాత కోడ్ నేరుగా అందులోకి ఎక్కదు. శని, ఆదివారాలు లేకుండా తిరగరాశాం. 2021 చివరితో పాతదానికి సపోర్టే ఆపేశారు. ఈమధ్య ఉద్యోగం మారదామని ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, గంటసేపు రియాక్ట్‌లోని యూజ్‌ఎఫెక్ట్ అనే ఫంక్షన్ ఎన్నిసార్లు నడుస్తుందనే అడిగారు. ఫారమ్ ఎలా సబ్‌మిట్ అవుతుంది, కుకీ ఎలా వెళ్తుంది, బ్యాక్ బటన్ నొక్కితే ఏమవుతుంది అని ఒక్కరూ అడగలేదు. రియాక్ట్‌లో ఎక్స్‌పీరియన్స్ చాలదని పంపించేశారు.

బెల్లందూర్_భాను:
యాంగ్యులర్ చేసినదానికి రియాక్ట్‌ని తిడితే ఎలా? రియాక్ట్ రాసే కొత్త పద్ధతి, హుక్స్, 2019లో వచ్చింది, అయినా అంతకుముందు పాత పద్ధతిలో రాసిన క్లాస్ కాంపొనెంట్లు రియాక్ట్ 19లో కూడా నడుస్తున్నాయి. మీ కోపం రియాక్ట్ మీద కాదు, ఆ ఇంటర్వ్యూ మీద. దానికి ఈ అబ్బాయి హాస్టల్‌ని అడ్డం పెట్టుకోకండి.

పాతకాపు:
అవును, ఇంటర్వ్యూ మీదే కోపం. ఉండకూడదా? వెబ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడిని పక్కనపెట్టి, ఒక లైబ్రరీ పేరు రెజ్యూమేలో ఉన్నవాడిని తీసుకుంటున్నారు. మారతహళ్లి కోచింగ్ సెంటర్లలో మన ఊళ్ల పిల్లలు అప్పు చేసి రియాక్ట్ నేర్చుకుంటున్నారు. హెచ్‌టీఎంఎల్ ఒక వారంలో ముగించేస్తారు. క్రియేట్ రియాక్ట్ ఆప్ అనే పనిముట్టుతో మొదలుపెట్టడం నేర్పారు, 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్లే దాన్నీ వద్దనేశారు. ఆ పిల్లలకి కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలిసిన పనిముట్టు పోతే మళ్లీ ఫీజు కట్టాలి.

బెల్లందూర్_భాను:
నేను ఇంటర్వ్యూలు చేసేవాడినే, కాబట్టి చెబుతాను. మా టీమ్‌లో మనుషులు ఎక్కువ కాలం ఉండరు. ఒకరు వెళ్లిపోతే నెలలోపు ఇంకొకరు వచ్చి పని అందుకోవాలి. బెంగళూరులో రియాక్ట్ తెలిసినవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతారు. మీరు సొంతంగా, ఎంత చక్కగా కట్టినా, మీరు వెళ్లాక దాన్ని చదివేవాడు లేకపోతే ఆ చక్కదనం కంపెనీకి భారమే. అలాంటి కోడ్ కోసమే నన్ను రాత్రి రెండింటికి లేపారు, రాసిన మనిషి కెనడాలో ఉన్నాడు. అందుకే ఎవరు వెళ్లినా ఆగని పద్ధతి కావాలంటాను.

పాతకాపు:
ఎవరు వెళ్లినా ఆగకూడదంటే, ఎవరినైనా పంపించేయొచ్చు అని కూడా అర్థం. కంపెనీకి అది సుఖమే. అది టెక్నాలజీ గొప్పతనమని మాత్రం నాకు చెప్పకండి.

బెల్లందూర్_భాను:
నేను గొప్పతనం అనలేదు. దొరుకుతారు అన్నాను.

కొత్త_గూటిపక్షి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను మారతహళ్లిలోనే కోర్సులో ఉన్నాను, ఫీజు కట్టేశాను. పాతకాపు గారు చెప్పినవి నాకూ రావు. అవి నేర్చుకోవడానికి టైమ్ ఇవ్వరు, ఎందుకంటే ఇంటర్వ్యూల్లో అవి అడగరు. భాను గారూ, మీరు అడగడం మొదలుపెడితే మాకూ నేర్పుతారు.

బెల్లందూర్_భాను:
ఈసారి నుంచి ఫారమ్ ప్రశ్న ఒకటి అడుగుతాను. కానీ రియాక్ట్ ప్రశ్నలు తీసేయను.

పాతకాపు:
తమ్ముడూ కడపా, ఒక్కటి చెప్పు. ఆప్ కట్టాక దాన్ని చూసుకునేది ఎవరు?

కడప_కుర్రాడు:
నేనే అన్నా. ఫ్రీలాన్సర్లు చేస్తే నెలనెలా మెయింటెనెన్స్ ఇవ్వాలి, బాబాయ్ దానికి ఒప్పుకోరు.

పాతకాపు:
అయితే నీకు వచ్చినదానితో కట్టు. జాంగో, హెచ్‌టీఎంఎక్స్. డ్రాగ్ చేసే హంగులు వద్దు. బెడ్ నొక్కాలి, 'మార్చు' నొక్కాలి, కొత్త బెడ్ నొక్కాలి. సుధ గారు చెప్పిన యూనిక్ ఐడీ మొదటిరోజే పెట్టు.

బెల్లందూర్_భాను:
అతనొక్కడే చూసుకునేదైతే నాకు అభ్యంతరం లేదు. కానీ తమ్ముడూ, నీకు రేపు ఉద్యోగం వచ్చి పూణె వెళ్లాల్సొస్తే ఎవరు చూస్తారు? ఆ మాట బాబాయ్‌తో ఇప్పుడే మాట్లాడుకో. డేటా మొత్తం వారానికోసారి ఎక్సెల్‌గా ఆయన మెయిల్‌కి వెళ్లేలా పెట్టు.

సిల్క్‌బోర్డ్_శీను:
వ్యూ అన్నాను, ఒక్కరూ జవాబు చెప్పలేదు.