'మనీ' లాంటి సినిమాలు ఇంకేమున్నాయి? సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింట్ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. 1993లో వచ్చిన శివనాగేశ్వరరావు గారి 'మనీ' మొన్న మళ్లీ చూశాను. అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్లు (జేడీ చక్రవర్తి, చిన్నా) రాత్రికి రాత్రి డబ్బున్నోళ్లైపోదామని ఇంటి ఓనర్ జయసుధనే కిడ్నాప్ చేస్తారు, తీరా చూస్తే మొగుడు పరేష్ రావల్‌కి పెళ్లాం తిరిగి రాకపోతేనే పండగ! డబ్బడగడానికి ఫోన్ చేసినోళ్లకే చెమటలు పట్టే ఆ సీన్లకి ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. ఖాన్ దాదాగా బ్రహ్మానందం గురించి వేరే చెప్పాలా.

ఇప్పుడు సమస్య ఏంటంటే, మా ఆవిడది తమిళనాడు, తెలుగు అంతంతమాత్రం. పక్కన కూర్చుని నేను ప్రతి జోకూ విడమరిచి చెబుతుంటే ఇద్దరికీ నవ్వు రావట్లేదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో మంచి ప్రింట్ ఎక్కడైనా ఉందా? పైరసీ లింకులు మాత్రం వద్దు.

అలాగే ఈ టైపువే ఇంకో నాలుగు చెప్పండి. 'స్వామిరారా', 'బ్రోచేవారెవరురా', 'మత్తు వదలరా' చూసేశాం. 'మనీ మనీ' కూడా అంత బాగుంటుందా, లేక మొదటిదాని మీద ఉన్న ఇష్టం పోతుందా? చూసినవాళ్లు కాస్త చెప్పరూ.