తిరుపతి పద్యమిత్రుల సమస్య: గోడలో మొలిచిన కొమ్ము

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, పూరించండి.

గోడఁ జీల్చుకొనుచుఁ గొమ్ము మొలిచె

పలమనేరు మిత్రుడు:

చెఱకు తోట దాటి చీకటిన్ గజరాజు
పాక వెనుక నిలిచి బలిమిఁ జూపె;
లోన నున్న వాని లోచనమ్ముల ముందు
గోడఁ జీల్చుకొనుచుఁ గొమ్ము మొలిచె.

నిర్వాహకుడు: శభాష్! పలమనేరు దగ్గర ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లవాళ్లకు ఇది కల్పన కాదు. మన అడవుల్లో ఆడ ఏనుగులకు ఇంత కొమ్ములుండవు, కాబట్టి ‘గజరాజు’ అనడం సరిగ్గా కుదిరింది. మూడో పాదమే పద్యానికి ప్రాణం. లోపల ఉన్నవాడికి ఏనుగు కనిపించదు, గోడలోంచి వచ్చిన కొమ్ము ఒక్కటే కనిపిస్తుంది. అందుకే ‘మొలిచె’ అన్న మాట నిలబడింది.

చంద్రగిరి సోదరి:

రావి గింజ నొకటి రాలిచెఁ గాకమ్ము
కోట పగులులోనఁ గుదురుకొనియె
వాన తడికి వేరు వడివడిఁ బాకంగ
గోడఁ జీల్చుకొనుచుఁ గొమ్మ మొలిచె.

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగుంది. రావిపండ్లు తిన్న పక్షుల రెట్టలోంచే పాత కట్టడాల మీద ఈ మొక్కలు లేస్తాయి, ఆ సంగతి చక్కగా పట్టారు. అయితే ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ‘కొమ్మ’ అనగానే సమస్యలోని చిక్కు విడిపోయింది, ఇక పూరించడానికి ఏం మిగిలింది? ‘కొమ్ము’ ఉంచే మళ్లీ ప్రయత్నించండి.

రేణిగుంట మిత్రుడు:

మీద మేడ కొఱకు మిగిలిన చువ్వలన్
స్టిక్కవుట్టు లనుచుఁ జెప్పె మేస్త్రి;
తుప్పు పట్టి యుబ్బి తొలుచుచున్ వెలివచ్చి
గోడఁ జీల్చుకొనుచుఁ గొమ్ము మొలిచె.

పలమనేరు మిత్రుడు: రెండో పాదంలో యతి తప్పలేదా?

నిర్వాహకుడు: లేదు. ‘స్టి’లోని సకారానికి ‘జెప్పె’లోని జకారంతో సరసయతి (దగ్గరి ధ్వనుల మధ్య ఒప్పుకునే యతి) చెల్లుతుంది. ఇంగ్లీషు మాటకు ‘ఉ’కారం చేర్చి రెండు హగణాలుగా (గురువు, లఘువు కలిస్తే హగణం) విరవడం మంచి పనితనం. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి సిమెంటును పగలగొడుతుంది, ‘యుబ్బి’ అన్న మాటలో ఆ కారణమంతా ఉంది. నా అభ్యంతరం ఒక్కటే. మన మేస్త్రి ‘పిల్లరు చువ్వలు వదిలాం’ అంటాడు, ఆ ఇంగ్లీషు అతని నోట పలకదు.

తిరుచానూరు సోదరి: ఇవి చదువుతుంటే మన తిరుపతి దగ్గరి గుడిమల్లం శివలింగం గుర్తొచ్చింది. దాని మీద చెక్కిన, భుజాన పరశువుతో ఉన్న శివమూర్తి రాతిలోంచి ముందుకు వచ్చి నిలబడినట్టే ఉంటుంది. అక్కడ గోడ లేదు, లేకపోతే నేనూ రాసేదాన్ని.

రేణిగుంట మిత్రుడు: అయ్యా, మేస్త్రిని తప్పించాను. రెండో పాదం ఇలా:

స్టిక్కవుట్టు లనియె సివిలు బాబు

నిర్వాహకుడు: ఇప్పుడు ఆ మాట పలికేవాడి నోటే, అంటే సివిల్ ఇంజనీరు నోటే పడింది. యతి కూడా స్టి–సి, ఇంకా దగ్గరైంది.